తాతకు మిగిలిన మాట

పుంగనూరు సంతలో నలభై ఏళ్లు నోటితో బతికినవాడు ఓబులప్ప. పశువుల దళారి. అమ్మేవాడు పలుపు పట్టుకొని ఒకవైపు, కొనేవాడు తలగుడ్డ సర్దుకుంటూ ఇంకోవైపు నిలబడితే వాళ్లిద్దరి మధ్యా ఆయన మాట నడిచేది. అమ్మేవాడితో మాట్లాడేటప్పుడు ఆ గొంతు తగ్గి, పరామర్శకు వచ్చినవాడి గొంతులా ఉండేది. కొనేవాడి వైపు తిరగ్గానే పెళ్లింటి గొంతయ్యేది. ఆవులో ఉన్న లోపం దాచేవాడు కాదు. దాన్ని కూడా ముద్దొచ్చేలా చెప్పేవాడు. "కొంచెం కోపం ఉండాదప్పా దీనికి. ఇంతమందికి పాలిచ్చేదానికి ఆ మాత్రం ఉండద్దా?" అంటే కొనేవాడు నవ్వేవాడు. నవ్వాడంటే బేరం కుదిరినట్టే.

అలాంటి మనిషికి కిందటి వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మదనపల్లెలో ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉండి చౌడేపల్లె దగ్గరి తమ ఊరికి తిరిగొచ్చేసరికి కాలు కొంత స్వాధీనమైంది. కర్ర పట్టుకొని నాలుగడుగులు వేయగలిగాడు. మాటలు మాత్రం వెనక్కి రాలేదు. అన్నీ పోయి ఒక్కటి మిగిలింది.

"సరే."

ఆకలేసినా సరే. ఒళ్లు నొప్పిగా ఉన్నా సరే. గోడమీద భార్య ఫొటో వైపు చూసినా సరే. "ఆయనకు అన్నీ అర్థమవుతాయి. మాటలు తలలోనే ఉంటాయి. బయటికొచ్చే దారికి అడ్డం పడింది, అంతే" అన్నాడు డాక్టరు. తల ఊపమంటే అవునుకూ కాదుకూ ఒకేలా ఊపేవాడు. అది కూడా ఆ జబ్బులో భాగమేనట.

ఇంట్లో కొన్నాళ్లు ఏడ్చారు. తర్వాత అలవాటుపడ్డారు. ఇంకా చెప్పాలంటే, ఏమడిగినా సరే అనే మనిషితో ఇల్లు నడపడం తేలికైపోయింది. "ఉప్మా పెట్టేదా మామా?" అని కోడలు గీత అడిగేది. "సరే." పొద్దుటి తిండి ఏళ్ల తరబడి సంత హోటళ్లలోనే తిన్నవాడు కాబట్టి, ఉప్మా ముట్టడని ఇంట్లో ఎవరికీ తెలియదు. పుట్టి బుద్ధెరిగాక ఉప్మా ముట్టని ఆ మనిషి రెండు నెలలు ఉప్మా తిన్నాడు.

ఇది మొదట కనిపెట్టింది మనవరాలు హరిత.

హరితకు పద్దెనిమిదేళ్లు. మదనపల్లెలో డిగ్రీ మొదటి సంవత్సరం. పొద్దున్నే చౌడేపల్లె నుంచి పుంగనూరుకు ఒక బస్సు, అక్కడ దిగి మదనపల్లెకు ఇంకో బస్సు. కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, ఆ పిల్ల ఈ లోకంలో ఉండేది కాదు. టమోటా తోటలు, వాటి మీద వాలిన మంచు, దూరంగా కొండల నీలం, అన్నీ ఒకదాంట్లోకి ఒకటి కరిగిపోతూ పోయేవి. కాలేజీ వచ్చిందని కండక్టరు కేకేస్తే ఉలిక్కిపడి దిగేది.

ఇంగ్లీషు చెప్పే నీలిమ మేడమ్ ఒకరోజు బోర్డు మీద కొత్త పదాలు రాసింది. ఎథోస్, పాథోస్, లోగోస్. మాట్లాడేవాడి మీద నమ్మకం పుట్టించడం ఒకటి, వినేవాడి గుండెను తాకడం ఒకటి, లెక్కగా కారణం చూపించడం ఒకటి. ఎదుటి మనిషిని ఒప్పించాలంటే ఈ మూడే దారులని చెప్పింది. హరితకు నవ్వొచ్చింది. ఈ పేర్లేవీ తెలియకుండానే తాత ఆ మూడు దారుల్లో నలభై ఏళ్లు తిరిగాడు.

తర్వాత మేడమ్ ఇంకో పదం రాసి దాని చుట్టూ సున్నా చుట్టింది. టోన్.

"'వచ్చావా' అనే మాట తీసుకోండి. ఎదురుచూసిన అమ్మ అంటే ఒకలా ఉంటుంది. పరీక్ష మొదలైన అరగంటకు వచ్చినవాడితో నేనంటే ఇంకోలా ఉంటుంది. మాట ఒక్కటే. మారింది టోన్. అది పుస్తకంలో కనపడదు, చెవిపెట్టి వినాలి. ఈ సెమిస్టరంతా ఎవరో ఒక మనిషిని వినండి. ఆ మనిషి గొంతుకు రోజుకో పదం రాసుకు రండి."

క్లాసులో ఫ్యాను తిరుగుతోంది. ఎవరో దగ్గారు. హరితకు అవేవీ వినపడలేదు. ఎక్కడో చాలా దూరం నుంచి, నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు, తాత గొంతు వినపడింది. సరే. సరే. సరే. ఒక్కొక్కటీ ఒక్కో రకంగా.

ఆ సాయంత్రం నుంచి ఆ పిల్ల అరుగు మీద తాత పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ఒడిలో నోటుబుక్కు. ఎండ పొడ కాళ్ల మీద పడితే తాత అనే సరే మెత్తగా, చివర సాగుతూ ఉండేది. కంటెంట్, అంటే తృప్తిగా ఉన్న గొంతు, అని రాసుకుంది. సెల్‌ఫోనులో గట్టిగా అరుస్తూ పోయేవాళ్లను చూసి అనేది పొట్టిగా, ముక్కుతో వచ్చేది. సర్కాస్టిక్, వెటకారపు గొంతు. సంతకు పోయే లారీలో పశువులు అరిస్తే తాత మెడ అటు తిరిగి, లారీ మలుపు దాటేదాకా ఉండి, అప్పుడు ఒక సరే వచ్చేది. దానికి ఏం రాయాలో హరితకు తెలియలేదు. మేడమ్‌ను అడిగితే విస్ట్‌ఫుల్ అంది. "చేజారిపోయినదాన్ని తలుచుకుంటూ తీయగా బాధపడేవాడి గొంతు" అని వివరించింది. ఆ రోజు బస్సులో ఇంటిదాకా హరిత ఆ మాటను నాలుక మీద పెట్టుకొనే వచ్చింది.

ఉప్మా గుట్టు బయటపడింది కూడా అలాగే. "అమ్మా, ఆ సరే సరే కాదు. పళ్లెం పక్కకు నెట్టేటోడి గొంతు అది. రేపు రాగిసంగటి పెట్టి సూడు" అంది. సంగటి ముద్ద చూసి తాత అన్న సరేకు గీత కళ్లనీళ్లు పెట్టుకుంది. "రెండు నెలలు పెట్టినానే! నా చేతులు ఇరగ!" అంటూ నెత్తి కొట్టుకుంది.

అప్పట్నుంచి ఇంట్లో హరిత మాటకు విలువ పెరిగింది. తాత ఏదన్నా అంటే తండ్రి అమర్‌నాథ్ కూడా, "ఏమంటాండాడమ్మా?" అని కూతుర్నే అడిగేవాడు. అమర్‌నాథ్ పాలు చల్లబరిచే కేంద్రంలో ఉద్యోగి. మాట తక్కువ మనిషి. ఆ ఇంటి మాటలన్నీ తండ్రే వాడేసుకున్నాడని ఊళ్లో నవ్వుకునేవారు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక ఆదివారం కుప్పం నుంచి హరిత మేనత్త శోభారాణి వచ్చింది.

శోభారాణి ఇంటికీ ఓబులప్పకూ మధ్య ఒక పాత గాయం ఉంది. ఆమె భర్త మునికృష్ణ శాంతిపురం దగ్గర గ్రానైటు పనిలో ఉంటాడు. ఆరేళ్ల కిందట కుప్పంలో ఇల్లు కట్టుకున్నాడు. పనిచేసే చోట మిగిలిన రాతిముక్కలన్నీ ఏరి తెచ్చి, నలుపు, ఎరుపు, బూడిదరంగు కలిపి, తన చేత్తోనే నేలంతా పరిచాడు. గృహప్రవేశం రోజు ఓబులప్ప గడపలో నిలబడి, నలుగురి ముందూ సంత గొంతుతో, "ఇది ఇల్లా అల్లుడూ, రాళ్ల సంతా?" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఆయన మెచ్చుకోవడమే అంత. కానీ అందరూ పగలబడి నవ్వారు. మునికృష్ణ మొహం మాడిపోయింది. ఓబులప్ప భోజనానికి ఆగకుండా వచ్చేశాడు. ఆ తర్వాత కూతురు పుట్టింటికి వస్తూ పోతూనే ఉంది. అల్లుడు రాలేదు. ఈయన ఆ గడప తొక్కలేదు. అన్నమాట వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆ మాటకారికి తెలియలేదు.

"కుప్పం పెద్దాసుపత్రిలో మాటలు నేర్పించేవాళ్లు ఉండారంట నాయనా" అంది శోభారాణి, తండ్రి కాళ్ల దగ్గర కూర్చొని. "రెండు మూడు నెలలు మా ఇంట్లో ఉండు. ఆయన కూడా తీసుకరమ్మన్నాడు. వస్తావా?"

ఓబులప్ప తల దించుకున్నాడు. చాలాసేపు కర్ర కొనతో నేలమీద ఏదో గీశాడు. చివరికి, గొంతులోనే చిక్కుకున్నట్టు, చిన్నగా అన్నాడు.

"సరే."

తాత లేని అరుగు హరితకు ఒక్కసారిగా కళ్ల ముందు కనపడింది. ఆ వెంటనే ఒక పదం కూడా తట్టింది. రిలక్టెంట్. మనసొప్పకుండా ఒప్పుకునేవాడి గొంతు.

"తాతకు ఇష్టం లేదు" అంది.

"సరే అన్నాడు కదా పాపా?" అంది మేనత్త.

"ఉప్మాకూ సరే అనె కదత్తా. నాలుగు నెలలుగా దినామూ రాస్తాండా నేను. ఈ ఇంట్లో తాత గొంతు నాకన్నా బాగా ఎవురికి తెలుసు?" నోటుబుక్కు తెచ్చి తెరిచింది. ఏ తేదీన ఏమన్నాడో, ఎంతసేపు ఆగి అన్నాడో, తర్వాత ఏం జరిగిందో ఒక్కొక్కటీ చదివి వినిపించింది. అమర్‌నాథ్ తల ఊపసాగాడు. అప్పుడు ఆ పిల్ల గొంతు తగ్గింది. "నోరు బాగుండే దినమే ఆ ఇంట్లో ఆయన మాట ఎవురికీ అర్థం కాలేదు. ఇప్పుడు మాటే లేకుండా పోయి ఆడ కూసోవాల్నా అత్తా?"

శోభారాణి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సరే! సరే!" అన్నాడు ఓబులప్ప, కర్రతో నేలను తాటిస్తూ.

"సూడండి, ఆయన కూడా అవునంటాండాడు" అంది హరిత.

శోభారాణి సాయంత్రం బస్సుకు ఒంటరిగా వెళ్లిపోయింది. అమర్‌నాథ్ కూతుర్ని వింతగా చూసి, "అచ్చం మా నాయన మాదిరే మాట్లాడినావే" అన్నాడు. ఆ రాత్రి హరిత ఆ మాటను దిండు కింద పెట్టుకున్నంత తృప్తిగా నిద్రపోయింది.

ఆ వారంలో నోటుబుక్కు మేడమ్‌కు ఇవ్వాల్సి వచ్చింది. తిరిగొచ్చినప్పుడు చూస్తే పేజీపేజీకీ మెచ్చుకోలు ఉంది. ఒక్క ఆదివారం పేజీలో మాత్రం రిలక్టెంట్ పక్కన ఎర్రసిరాతో, "ఎలా తెలిసింది?" అని ఉంది.

హరిత వరండాలో మేడమ్‌ను ఆపింది. "నాకు వినపడింది మేడమ్. చాలాసేపు ఆగి అన్నాడు."

"ఇష్టం లేనివాడు ఆగుతాడు. భయపడేవాడూ ఆగుతాడు. సిగ్గుపడేవాడూ ఆగుతాడమ్మా" అంది నీలిమ మేడమ్. తర్వాత వెళ్లబోతూ, మామూలుగా, "తాతగారు వెళ్లిపోతే నీకెలా ఉంటుంది?" అని అడిగింది.

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కనే కూర్చున్నా హరితకు బయట ఏదీ కనపడలేదు. అద్దంలో తన మొహమే కనపడుతూ వచ్చింది.

ఆ మర్నాడు తెల్లారేసరికి ఊరంతా మంచు. ఎదురిల్లు కూడా కనపడటం లేదు. హరిత లేచి చూస్తే అరుగు ఖాళీగా ఉంది. మంచం ఖాళీ. దొడ్లో లేడు. తండ్రి డ్యూటీకి పోయాడు. తల్లి పాలు పిండుతోంది. హరిత చేతిలో ఫోనుతో, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. మంచులో నడుస్తుంటే కలలో నడిచినట్టుంది. కాళ్ల కింద నేల ఉంది కానీ ముందు ఏముందో తెలియదు. పక్కనుంచి గంటల చప్పుడు వచ్చి, గొర్రెలు కనపడకుండానే దాటిపోయాయి. రోడ్డు మీదికి వచ్చాక, బస్సు ఆగే చోట సిమెంటు బెంచీ మీద ఒక తెల్లటి ఆకారం కనపడింది.

ఓబులప్ప. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఒంటిచేత్తో పెట్టుకున్న గుండీలు ఒకటి విడిచి ఒకటి తప్పాయి. ఒళ్లో సంచి. అందులో రెండు పంచెలు, ఒక తువ్వాలు, మందుల డబ్బా. నాలుగడుగులకే ఆయాసపడే మనిషి అంత దూరం ఎలా వచ్చాడో, ఎప్పుడు బయల్దేరాడో.

"తాతా! యాడికి?"

"సరే." కర్ర ఎత్తి దక్షిణం వైపు చూపించాడు.

హరిత ఆయన ముందు మోకాళ్ల మీద కూలబడింది. "అత్తోళ్లింటికా?"

ఓబులప్ప తల దించుకున్నాడు. ఆ ఆదివారంలాగే ఆగాడు. ఆ ఆదివారంలాగే గొంతులో చిక్కుకొని వచ్చింది.

"సరే."

అదే మాట. అదే గొంతు. కానీ ఈసారి ఆ పిల్ల ఆయన చేతిని కూడా చూసింది. ఎడమచేతి వేళ్లు సంచి పిడిని తెల్లబడేలా పట్టుకున్నాయి. ఆరేళ్లుగా ఎవరైనా పిలిస్తే బాగుండునని కాచుకున్నవాడు పిలుపు రాగానే సిగ్గుపడ్డాడు. అంతే. వెళ్తాను అనడానికి సిగ్గుపడ్డాడు. కర్ర తాటించింది హరిత మాట తప్పని చెప్పడానికే.

"నేనే నిన్ను పోనీకుండా సేసినా తాతా" అంది హరిత, ఏడుస్తూ. "నువ్వు పోతే నాకు బాగుండదని... నా కోసరం నేను సెప్పి, నా మాటని నీ నోట్లో పెట్టినా."

"సరే సరే" అన్నాడు ఓబులప్ప చిరాగ్గా. మంచు లోపల ఎక్కడో బస్సు లైట్లు పచ్చగా వెలుగుతున్నాయి. ముందు బస్సు సంగతి చూడమంటున్నాడని చెప్పడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు.

హరిత తండ్రికి ఫోను చేసింది. "నాన్నా, ఆదివారం నేను సెప్పింది తప్పు. తాతకు కుప్పం పోవాలని ఉండాది."

"ఆ పొద్దు ఇష్టం లేదని అంత గట్టిగా అంటివి. ఇప్పుడు యాల ఇట్లంటావు?"

ఒప్పించే దారులేవీ ఆ పిల్లకు గుర్తు రాలేదు. "తాత సంచి సర్దుకొని బస్టాపులో కూసోనుండాడు నాన్నా" అంది.

"మందుల చీటీ ఎత్తుకొని నేనూ వస్తాండా. పుంగనూరు బస్టాండులో ఉండండి" అన్నాడు అమర్‌నాథ్. తల్లికి కూడా ఫోనులో చెప్పి, హరిత తాత చెయ్యి పట్టుకొని బస్సెక్కించింది.

ఆ ప్రయాణం హరితకు చాలాకాలం కలలా గుర్తుండిపోయింది. పుంగనూరులో మంచు పలచబడింది. పలమనేరు దాటాక ఎండ వచ్చింది. ఆ తర్వాత ఆకాశం కిందికి దిగి తోటల మీదే పరుచుకున్నట్టు, ఎటు చూసినా లేత వెలుగు. తండ్రి వెనక సీట్లో కునుకు తీశాడు. ఓబులప్ప కిటికీ దగ్గర కూర్చొని, మేస్తున్న ప్రతి పశువునూ తల తిప్పి చూశాడు. శాంతిపురం దగ్గర కోసిన రాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. వాటిని చూసి ఆయన సర్దుకొని కూర్చున్నాడు. హరిత మధ్యలో నిద్రపోయింది. లేచేసరికి తల తాత భుజం మీద ఉంది. ఆయన కదలకుండా ఉన్నాడు.

కుప్పంలో తలుపు తీసింది మునికృష్ణే. పనికి బయల్దేరుతూ ఉన్నాడు. మామను చూసి అలాగే నిలబడిపోయాడు. ఓబులప్ప గడప దగ్గర ఆగి, లోపల పరిచిన రంగురంగుల రాళ్లను చూశాడు. ఆరేళ్ల నడకకు అవి నున్నగా మెరుస్తున్నాయి. కర్రను హరితకు ఇచ్చేసి, ద్వారబంధానికి ఒరిగి, మెల్లగా వంగి, ఎడమ చేత్తో ఆ నేలను తాకాడు. లేచి అల్లుడి మొహంలోకి చూశాడు. పెదవులు చాలాసేపు ఏదేదో వెతుక్కున్నాయి.

"సరే" అన్నాడు.

మునికృష్ణ మామ చంకలో చెయ్యి వేసి, "సరే మామా. దా, లోపలికి దా" అన్నాడు. వంటింటి గుమ్మంలో శోభారాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. హరిత ఆమె దగ్గరికి పోయి, "తప్పు నాదే అత్తా" అంది. ఆమె మేనకోడలి చెవి మెలిపెట్టి, ఆ వెంటనే దగ్గరికి తీసుకుంది.

ఆసుపత్రిలో మాటలు నేర్పే కుర్రాడి పేరు ఉదయ్ కిరణ్. బొమ్మల కార్డులు పట్టుకొని వారానికి మూడు రోజులు ఓబులప్ప ఎదుట కూర్చునేవాడు. ఆవు, చెట్టు, గ్లాసు. ఓబులప్ప అన్నిటికీ సరే. నెల గడిచింది. రెండో నెల కూడా సగం పోయింది. ఒకరోజు ఉదయ్ కిరణ్ ఆవు బొమ్మను పదోసారి మొహం ముందు పెట్టేసరికి ఓబులప్ప ఎడమచేత్తో దాన్ని తోసేసి, "వద్దు!" అన్నాడు.

ఇద్దరూ నిర్ఘాంతపోయారు. ఉదయ్ కిరణ్ కుర్చీలోంచి లేచి, వరండాలో కూర్చున్న శోభారాణి దగ్గరికి పరుగెత్తి, "అమ్మా, మీ నాయన వద్దన్నాడు!" అని అరిచాడు. కార్డులు వద్దన్నందుకు అంత సంబరపడ్డ మనిషిని ఆ ఆసుపత్రిలో ఎవరూ చూసి ఉండరు.

ఆ కబురు ఫోనులో విని హరిత ఆ తర్వాతి శనివారం కుప్పం వచ్చింది. నోటుబుక్కు ఇంట్లోనే వదిలి వచ్చింది. ఓబులప్ప వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చొని ఉన్నాడు. దొరికిన మాటను ఎడాపెడా వాడుతున్నాడు. ఎన్ని నెలలుగా ఎన్నింటికి సరే అనాల్సి వచ్చిందో, అన్నిటికీ ఇప్పుడు తీర్చుకుంటున్నట్టుంది. కూతురు కాఫీ తెస్తే వద్దు అంటూనే గ్లాసు అందుకున్నాడు. అల్లుడు దుప్పటి కప్పబోతే వద్దు. టీవీ పెడితే వద్దు, తీసేస్తే వద్దు. మునికృష్ణ నవ్వుతూ, "ఈ పొద్దు ఇది నలభయ్యోది పాపా, పొద్దున్నుంచి లెక్కబెడతాండా" అన్నాడు.

మధ్యాహ్నమంతా మనవరాలు కాలేజీ కబుర్లు చెబుతుంటే ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. ఎండ గోడమీదికి పాకింది. నాలుగైంది. హరిత లేచి బ్యాగు భుజాన వేసుకుంది.

"పోయొస్తా తాతా. బస్సుకు టైమాయె. సోమవారం పరీక్ష ఉండాది."

ఓబులప్ప కళ్లు తెరిచి చూశాడు.

"వద్దు" అన్నాడు.

శోభారాణి గబగబా వచ్చింది. "పిల్ల చదువుకోవాల కదా నాయనా. మళ్లీ వస్తుందిలే."

"వద్దు" అన్నాడు మళ్లీ, ఇంకా మెల్లగా.

రోడ్డు మీద పలమనేరు బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. హరిత బ్యాగు దించి కుర్చీ పక్కన నేలమీద కూర్చుంది.

"ఆరింటికి ఇంకోటి ఉండాది పాపా" అన్నాడు మునికృష్ణ లోపలి నుంచి. "ఆ బస్సుకు నేను ఎక్కిస్తాలే."